నీళ్లు చూసేకి పడవెక్కిన రోజు

మా పక్క పిల్లనిచ్చే ముందు మొగోళ్లు నలుగురు కలిసి అబ్బాయి ఇల్లు చూసేకి పోతారు. చేను ఎంత, మిద్దె ఎట్లుండాది, ఉద్యోగమా వ్యాపారమా, తాగుడు గీగుడు ఏమన్నా ఉందా, అన్నీ ఇచారిస్తారు. ఒక్కటి మాత్రం అడగరు. నీళ్లు. చెంబుతో ఇస్తే కాళ్లు కడుక్కుంటారు, గ్లాసుతో ఇస్తే తాగుతారు, మీసం తుడుచుకుంటారు. ఆ నీళ్లు యాడినుంచి వచ్చినాయి, ఎవురి నెత్తిన వచ్చినాయి అని ఒక్క మొగోడన్నా అడిగినట్టు నేను ఇంతవరకూ ఇనలే. మా నాయన కూడా అడగలే. నా సంబంధం చూసేకి పోయి, ఇచ్చిన నీళ్లు తాగి, ఇంటికొచ్చి "పిల్ల సుకపడతాది" అని చెప్పినాడు పాపం.

శానా సుకపడినా! కాళ్ల పసుపు ఇంకా పోకముందే మా అత్త నా చేతికి రెండు బిందెలిచ్చింది. ఊరి బయట చేతిబోరు. అది ఎండిపోతే ఇంకా అవతల చేన్ల బోరు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు పరిగెత్తాల. ఆ పొద్దు మొదలుపెట్టిన మోత ఇప్పటికీ మోస్తానే ఉండా. మధ్యలో మా వీధి చివర ఒక కొళాయి పెట్టినారు గాని, అది వచ్చిన రోజు పండగ, రాని రోజు మళ్లా బోరు దారే. నా మెడ ఇప్పుడు తిరగదు. ఎనకనుంచి ఎవురన్నా పిలిస్తే ఒళ్లంతా తిప్పాల, ఎద్దులబండి మాదిరి. నడినెత్తిన బిందె ఆనే చోట వెంట్రుకలు ఊడిపోయి అరచేయంత బోడి అయింది. ముందు వెంట్రుకలు ఎనక్కి దువ్వి ఆ చోటు కప్పుకుంటా.

అందుకే మా పాపకు సంబంధాలు చూడబట్టిన రోజే ఇంట్లో చెప్పేసినా.

"ఇల్లు చూసేకి నేనూ వస్తా. మీరు ఏమన్నా చూసుకోండి, నేను నీళ్లు చూస్తా. ఇంట్లోకి నీళ్లు రాని కొంపకు నా పిల్లనియ్యను. కలెక్టరొచ్చినా ఇయ్యను."

మా ఆయన నవ్వినాడు. "ఆడది ఇల్లు చూసేకి వచ్చిందని నలుగురూ నవ్వుతారే."

"నవ్వనీ. నవ్వినోళ్లు వచ్చి నా బిడ్డకు నీళ్లు మోస్తారేమో అడుగు."

మంచోడే మా ఆయన, గాని వాళ్లన్న మాట దాటడు. వాళ్లన్న, అంటే మా బావ, మా ఇంట్లో పెండ్లి మాటలన్నీ ఆయన చేతి మీదనే నడుస్తాయి. ఈ సంబంధం తెచ్చింది కూడా ఆయనే. కృష్ణ అవతలి గట్టున, డ్యాము ఎనకనీళ్ల ఒడ్డున ఒక ఊరు. మా అక్క, అంటే మా బావ పెండ్లాం, ఆమె తరపున దూరపు చుట్టాలు. అబ్బాయికి ఒక ఇంజను పడవ, గట్టు మీద చేపల భోజనం పెట్టే చిన్న హోటలు. సెలవుల్లో టూరిస్టులు బాగా వస్తారంట.

మా పాప డోన్‌లో ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేస్తాండాది. అబ్బాయి వాళ్లు అక్కడికే వచ్చి చూసి పోయినారు. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్లలో మాట్లాడుకునేది నాకు తెలుసు. తెలీనట్టు ఉండినా. ఒకరోజు రొట్టె తింటా తింటా తనే చెప్పింది, "అబ్బాయి బాగా మాట్లాడతాడు మా. ఎదుటి మనిషి చెప్పేది ఇంటాడు. నాకు ఇష్టమే" అని. అంతకుముందు వచ్చిన సంబంధాలకు మొగం ముడుచుకున్న పిల్ల, ఈ మాట చెప్పేటప్పుడు మొగమంతా ఎలిగిపోయింది. నాకు సంతోషమూ అయింది, గుబులూ అయింది. పిల్లకు నచ్చినాడు, నేను చూసేది నచ్చకపోతే ఏం జేయాల?

మా బావ అయితే నేను వస్తానంటే ఎగిరిపడినాడు. "ఇంటి ముందర కృష్ణమ్మ పారతాంటే ఇంకేం నీళ్లు చూస్తావమ్మా నువ్వు? సముద్రం కాడికి పోయి ఉప్పుందా అని అడిగినట్టుండాది!"

"చూస్తే ఏం పోతాది బావా? మీరు చేను చూసేటప్పుడు కాగితాలు చూడరా?"

ఆయన తల కొట్టుకోని సరే అన్నాడు.

రోడ్డు మీద పోతే కర్నూలు మీద చుట్టుకొని పోవాల, పొద్దు అంతా దారిలోనే పోతాది. అందుకని మా ఆయన, మా బావ, నేను ఆత్మకూరు దిక్కు పోయి, అడివి పక్కన మట్టిదారి పట్టి ఏటి ఒడ్డుకు చేరినాం. అబ్బాయే పడవ తీసుకొని మా కోసం వచ్చినాడు. నేను ఉగ్గాని మూట కట్టుకున్నా, శెనక్కాయ బుడ్డల పొడి సీసాలో పోసుకున్నా, ఒక క్యాను నిండా నీళ్లు పట్టుకున్నా. యాడికి పోయినా నీళ్లు ఎంటబెట్టుకొని పోయేది మాకు చిన్నప్పటినుంచి అలవాటు. నేను ఆ క్యాను భుజాన ఏసుకొని పడవలోకి కాలు పెడతాంటే మా ఆయన పగలబడి నవ్వినాడు.

"చూడన్నా, నది మీద పోయేకి ఇంటినుంచి నీళ్లు తెచ్చింది!"

అబ్బాయి నవ్వలే. క్యాను అందుకొని జాగ్రత్తగా ఒక మూల పెట్టి, నాకు ఎర్ర జాకెట్టు తొడిగి, బెల్టు బిగించి, "భయపడకు అత్తా, నిదానంగ పోనిస్త" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు పిల్లోడు నచ్చేసినాడు. నచ్చకూడదు అని లోపల గట్టిగా అనుకున్నా. నేను వచ్చింది అబ్బాయిని చూసేకి కాదు.

పడవ నడుమకు వచ్చినంక నేను చుట్టూ చూసినా. నా బతుకులో అన్ని నీళ్లు ఒక్కచోట చూడలే. వానాకాలం పోయిన కొత్త, డ్యాము నిండి నీళ్లు కొండల నడుం దాకా ఎక్కినాయి. ఎటు చూసినా నీళ్లే. నాకు మొదట భయమైంది, పడవ అంచు గట్టిగా పట్టుకున్నా. కొంచెంసేపటికి భయం పోయి కోపం వచ్చింది. నిజంగా కోపం. ఒళ్లు మండిపోయింది. ఒక బిందె కోసం నేను ఎంతమందితో తగాదా పడినా, ఎన్నిసార్లు జుట్టూ జుట్టూ పట్టుకున్నాం, పక్కింటామెతో ఏండ్లకేండ్లు మాటలు లేవు. ఇన్ని నీళ్లు ఈడ ఊరకే పండుకోని ఉండాయి! చేయి జాపి నీళ్లు తాకినా. చల్లగుండాయి. ఏమనాల? నీళ్లను తిట్టేకి నోరు రాలే.

ఊరు దగ్గరకొచ్చేకొద్దీ నా కోపం కరగబట్టింది. ఎంత బాగుందప్పా ఆ ఊరు! గట్టునుంచి నీళ్లలోకి దిగే రాతిమెట్లు, మెట్ల మీద బట్టలుతికే ఆడోళ్లు, పక్కన ఆరబోసిన వలలు. ఇండ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కొండవాలు పొడుగునా, ఒకటి పచ్చ, ఒకటి నీలం, ఒకటి గులాబి. తెల్లకొంగలు పడవల మీద మనుషుల మాదిరి నిలబడి ఉండాయి. గట్టు మీద పెద్ద పెద్ద పెనాల మీద చేపలు ఏంచుతాండారు, ఆ వాసన మా పడవ కాడికే వచ్చింది. హైదరాబాదునుంచి వచ్చినోళ్లంతా నీళ్లకు వీపు చూపించి ఫోటోలు దిగుతాండారు.

"ఎట్లుండాది?" అన్నాడు మా బావ, ఊరంతా తనే కట్టించినట్టు.

"బాగుండాది బావా," అన్నా. అబద్ధమేంటికి? నా పిల్ల ఈ మెట్ల మీద కూర్చొని కాళ్లు నీళ్లలో పెట్టుకుంటాది అని మనసులో అనుకున్నా కూడా. మా పక్కోళ్లం ఎవురమైనా అట్లే మోసపోతాం. ఏరు కనపడితే చాలు, ఇంట్లో నీళ్లున్నట్టే అనుకుంటాం. నేనూ ఆ గడియలో అట్లే అనుకున్నా.

వాళ్ల ఇల్లు ఊర్లో అన్నిటికంటే పైన. మెట్లెక్కి మెట్లెక్కి ఆయాసం వచ్చింది గాని, పైకి పోయినంక చూస్తే కండ్లు చాలలే. వసారాలో నిలబడితే ఏరంతా కింద పరుపు పరిచినట్టు ఉండాది. అబ్బాయి నాయన ఎదురొచ్చి, "రండ్రి రండ్రి, కూసోండ్రి. చూడనీకి మా ఇల్లే ఊర్ల నంబర్ వన్" అన్నాడు. నిజమే.

అబ్బాయి అమ్మ లోపలినుంచి గ్లాసులు తెచ్చింది. నా ఈడే ఉంటాది. సన్నగా, నవ్వు మొగంతో. అందరికీ ఇచ్చి నాకూ ఇచ్చింది. గ్లాసు చూసినా. సగానికే ఉండాయి నీళ్లు.

మా ఆయన గటగటా తాగి, "ఇంగొంచెం" అన్నాడు. ఆమె మళ్లా సగమే పోసింది. మా బావ రెండు గుక్కలు తాగి గ్లాసు కింద పెట్టినాడు. ఆమె దాన్ని తీసుకొని, మిగిలిన నీళ్లు వాకిట్లోకి ఇసరలే. మూలన ఉన్న బకెట్లో ఒంపింది, ఒక్క చుక్క కింద పడకుండా. మొగోళ్లు చేపల రేట్లు మాట్లాడుకుంటాండారు, వాళ్లకు అది కనపడలే. నాకు కనపడింది. నీళ్లుండే ఇంట్లో గ్లాసు నిండా పోస్తారు, మిగిలింది పారేస్తారు. ఎంగిలి నీళ్లు బకెట్లో దాచి కాళ్లకు వాడేది ఎవురు? నేను. మా వీధి ఆడోళ్లు. అంతే.

అప్పుడే ఆమె మొగుడు ఎనకనుంచి ఏదో పిలిచినాడు. ఆమె తల తిప్పలే. ఒళ్లంతా తిప్పి చూసింది.

లేచి, "అక్కా, ఒకసారి మీ ఎనక వాకిలి చూపిస్తావా?" అన్నా.

ఎనక పోతే గోడ పొడుగునా బిందెలు, డ్రమ్ములు, వాటి నోళ్లకు గుడ్డలు. అచ్చం మా ఇల్లే. నాకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. ఇంత దూరం పడవెక్కి వచ్చి మా ఇంటి ఎనక వాకిట్లోనే నిలబడినా!

"కొళాయి లేదా అక్కా?"

"నల్లా కింది బజార్ల ఉన్నది. మాది మీద కదా, గీడికి ఎక్కదు. చూడనీకే ఈ ఎత్తు బాగుంటది, నీళ్లకు బాగుండదు," అని నవ్వింది. "తాగనీకి కింది నల్లా కాడినుంచి తెస్త. కడగనీకి, ఉతకనీకి ఏటినుంచి. ఇప్పుడైతే ఏరు దగ్గరున్నది. ఎండకాలం చూడాలె, ఎక్కడికో పోతది. మధ్యల అంతా బురద. మోకాళ్ల దాంక దిగుతది."

"మీ కొడుక్కు పడవుంది, హోటలుంది. పైపు ఏయించుకోలేకపోయినారా?"

ఆమె నన్ను ఇచిత్రంగా చూసింది. "హోటల్ల ఏసిండ్రు. ఇంటికి ఎందుకక్కా, నేనున్న కదా."

ఆ మాట అనేసి బిందె తీసుకుంది. చేపలు కడిగేకి తక్కువ పడినాయంట, మేము వచ్చేది ఉండె కదా. నేను పక్కనున్న ఇంకో బిందె తీసుకున్నా. "అయ్యో, సుట్టాలు నీళ్లు మోస్తరా అక్కా! పట్టుచీర కట్టుకున్నవ్!" అని ఆమె లాక్కోబోయింది. నేను ఇడవలే. నీళ్లు చూసేకి వచ్చినా, వసారాలో కూర్చొని చూసేది ఏముండాది? మోస్తేనే తెలుస్తాది. ఇద్దరం పక్కదారిన దిగినాం.

కింద మెట్ల కాడ బిందెలు ముంచుకొని ఒక నిమిషం కూర్చున్నాం. ఆమె అడిగింది, "అక్కా, ఏమనుకోకు. మీ ఆయన వాళ్లు వచ్చినరు సరే, నువ్వెందుకు వచ్చినవ్? మా దిక్కు ఆడోళ్లు రారు."

మా దిక్కూ రారు. నేను ఎవురికీ చెప్పని మాట ఆమెకు చెప్పినా. ఎందుకు చెప్పినానో తెలీదు, ఆమె మెడ చూసి చెప్పినా ఏమో. నా తొలి కడుపు ఐదో నెల. బోరు కాడ బండ పాచి పట్టి ఉండె. నెత్తిన ఒక బిందె, సంకన ఒక బిందె. జారినా. పడతా పడతా బిందెనే పట్టుకున్నా, కడుపును పట్టుకోలే. ఇంటికి పోతే ముందు బిందె సొట్ట పడిందేమో అని చూసినారు. ఆ రాత్రికి కడుపు పోయింది. నీళ్లు మోసినందుకు పోయిందని ఎవురూ అనలే, దేవుడు రాయలేదు అన్నారు. ఆ దేవుడు నీళ్ల బిందె మోసినాడా ఎప్పుడన్నా?

"నా పాపకు అది రాకూడదు అక్కా," అన్నా. "మీ పిల్లోడు బంగారం. నీ మీద నాకు కోపమేమీ లేదు. గాని నా పాప ఈ మెట్లు బిందెతో ఎక్కకూడదు."

ఆమె కొంగుతో కండ్లు తుడుచుకొని, నా బిందె నా నెత్తికి ఎత్తింది.

ఎక్కినాం. నా మెడ పగిలిపోతాదేమో అనుకున్నా. సగంలో ఆపి, "నిలబడక్కా" అనింది ఆమె. "లేదు, పద" అన్నా. ఎనక వాకిలికి పోలే నేను. నేరుగా ముందు వసారాలోకి పోయి, మొగోళ్లు కూర్చున్న చోట నడుమ బిందె దించినా. పట్టుచీర సగం తడిసిపోయింది. అందరూ నోళ్లు తెరిచి చూస్తాండారు.

"ఏందమ్మా ఇది?" అన్నాడు మా బావ, ఎర్రబడిపోయి.

"నీళ్లు చూస్తానని చెప్పినా కదా బావా. చూసినా." తర్వాత అబ్బాయి నాయన దిక్కు తిరిగినా, ఒళ్లంతా తిప్పి. "అన్నా, నీ కొడుకు నాకు నచ్చినాడు. ఊరు నచ్చింది. మీ ఇంటామె శానా నచ్చింది. గాని నీళ్లు ఇంట్లోకి వచ్చినంకనే లగ్గం. మాట చెబితే కాదు, నేను చూసినంక."

ఆయనకు కోపం వచ్చింది. రాదా మరి? "ఊరందరి ఆడోళ్లు మోస్తలేరా అమ్మా? నీ బిడ్డకేమన్న మహారాణి పుట్టుకనా?"

"నేను ఊరందరికీ పిల్లనియ్యడం లేదన్నా. ఒక్క ఇంటికే ఇస్తాండా."

మా ఆయన తల వంచుకున్నాడు. అబ్బాయి లేచి నిలబడి, నా బిందె దిక్కు, వాళ్లమ్మ నెత్తిన ఇంకా దించని బిందె దిక్కు చూసినాడు. పోయి ఆ బిందె దించినాడు. "ఎప్పుడన్న చెప్పినవా మా, కష్టమైతుందని?" అని మెల్లగా అడిగినాడు.

"నువ్వెప్పుడన్న అడిగినవా బిడ్డా?" అనింది ఆమె. అంతే అనింది, లోపలికి పోయి కూరకు మసాలా నూరబట్టింది.

భోజనం చేసినాం. అంత రుచైన చేపల పులుసు నేను మళ్లా తినలే. తిరిగొచ్చేటప్పుడు పడవలో మా బావ నాకు ఈపు చూపించి కూర్చున్నాడు. ఒడ్డు దిగినంక అన్నాడు, "ఇంగ మీ ఇంటి పెండ్లి మాటలకు నన్ను పిలవకండి. నా మొగం ఎత్తుకోలేకుండా చేసింది." అబ్బాయి మాత్రం నా క్యాను నా చేతికిస్తా, "పోయిరా అత్తా" అన్నాడు. అందులో అవునూ లేదు, కాదూ లేదు.

మా పాప ఇంటికొచ్చి ఇంతంత కండ్లేసుకొని అడిగింది. "నాకు ఇష్టమని చెప్పినా కదా మా! నీళ్ల కోసం సంబంధం చెడగొడతావా? నేను మోసుకుంటాలే. నువ్వు మోయలేదా?"

ఆ మాటకు నా చేయి లేచింది. కొట్టలే. కొట్టకుండా కూర్చోబెట్టి, ఏటి ఒడ్డున ఆమెకు చెప్పిందంతా నా బిడ్డకూ చెప్పినా. తనకు ముందు ఒకరున్నారని దానికి అంతవరకూ తెలీదు. ఏడ్చింది. ఏడ్చి, "అయినా ఆయన తప్పేముంది మా?" అనింది. "తప్పు లేదు. నీళ్లూ లేవు," అన్నా.

ఆ తర్వాత రోజులు నాకు నరకమే. అవతలినుంచి ఫోను లేదు. మొదట్లో అబ్బాయి పాపతో మాట్లాడేవాడు, పనిలో ఉండా, పనిలో ఉండా అని పెట్టేసేవాడు. తర్వాత అదీ లేదు. పాప డోన్‌నుంచి వచ్చినప్పుడల్లా ఫోను పక్కన పెట్టుకొని కూర్చునేది. అన్నం కెలికి లేచేది. వీధిలో ఆడోళ్లు నన్ను చూసి గుసగుసలు. "నీళ్ల కోసం సంబంధం పోగొట్టుకుందంట" అని. నీళ్ల కోసం నాతో కొట్లాడిన ఆడోళ్లే! మా ఆయన ఒక పూట మెత్తగా అన్నాడు, "పోనీ, నేను పోయి మాట్లాడి వస్తా. పెండ్లయినంక నిదానంగా ఏయించుకుంటారులే."

"పెండ్లయినంక ఎవురు ఏయిస్తారు? నువ్వు ఏయించినావా నాకు?"

ఆయన మొగం మాడిపోయింది. అట్ల అనాలని కాదు, వచ్చేసింది. పండుకున్నప్పుడు నాకూ భయమేసేది. నా మొండితనంతో నా బిడ్డ బతుకు నేనే పాడు చేస్తాండానా? ఈ కాలంలో అంత నెమ్మదైన పిల్లోడు మళ్లా దొరుకుతాడా? పొద్దున లేసి బిందె ఎత్తుకునేటప్పుడు మెడ కలుక్కుమనేది, భయం పోయేది. ఇయ్యను గాక ఇయ్యను అనుకుంటా బోరు దారి పట్టేదాన్ని.

ఒకరోజు పొద్దున రొట్టెలు కాలుస్తాంటే ఫోను మోగింది. అబ్బాయి అమ్మ. నా చేతికి పిండి. తుడుచుకోకుండానే పట్టుకున్నా.

"వదినె, బాగున్నవా?" అనింది.

అక్కా అని కాదు, వదినె అని.

"ఇను వదినె, మాట్లాడకు, ఇను," అని ఫోను యాడనో పెట్టింది. మొదట ఏమీ ఇనపడలే. తర్వాత గరగరమని ఒక సప్పుడు, ఆ తర్వాత బోసి బిందెలో ధార పడిన సప్పుడు. టంగుమని మొదలై, నిండేకొద్దీ మెత్తబడుతాండాది. ఆ సప్పుడు నాకు తెలీకపోతే ఎవురికి తెలుస్తాది?

ఆమె మళ్లా ఫోను తీసుకుంది. కింది బజార్ల నల్లా కాడ తొట్టి కట్టినారంట, మోటరు పెట్టినారంట, ఇంటి దాంక పైపు, మిద్దె మీద ట్యాంకు, వంటింట్లో ఒక నల్లా, ఎనక ఒకటి. కొడుకే రాళ్లలో కాలువ తవ్వినాడంట. వాళ్ల నాయన మొదట్లో గొణిగి, తర్వాత తనూ గడ్డపార పట్టినాడంట. "చేతులు పొక్కినయ్ వదినె మా వానికి. అయిపోయిందాంక నీ బిడ్డతోని మాట్లాడనని పట్టుబట్టిండు. మాట చెప్తే కాదు, చూసినంకనే అన్నవ్ కదా నువ్వు."

నేను నవ్వినా. ఆమె నవ్వలే.

"ఒక్క మాట అడుగుత వదినె. నేను ఈ ఇంటికి వచ్చిన కాన్నుంచి మోసిన. వాడు కడుపుల ఉన్నప్పుడు మోసిన, వాన్ని సంకనేసుకొని మోసిన. నీ బిడ్డ వస్తదంటే ఒక్క నెలల పైపు ఏసిండ్రు. అంతే పని! నాకోసం అయితే కాకపోవునా ఇది?"

నేను పొయ్యి ముందర కూలబడినా. పెనం మీద రొట్టె మాడుతాండాది, మాడనీ.

"అయ్యేది వదినా," అన్నా. "నీకోసమూ అయ్యేది, నాకోసమూ అయ్యేది. ఎవురూ అడగలే, అంతే."

ఇద్దరం ఏడ్చినాం. సిగ్గుపడకుండా, గట్టిగా ఏడ్చినాం. ఏడుస్తా ఏడుస్తానే ఆమె అనింది, "బిందె నిండింది వదినె. పొర్లుతున్నది. నల్లా బందు చెయ్యబుద్ధి అయితలేదు."

"పొర్లనీ వదినా," అన్నా. "ఈ పొద్దుకు పొర్లనీ."

మా ఆయన మాడిన వాసనకు పరిగెత్తుకొచ్చి, ఏమైంది, ఏమైందే అని అడుగుతాండాడు. నేను చేయి ఎత్తి ఊరకుండమన్నా. ఆ సప్పుడు ఇంకా కొంచెంసేపు ఇనాలనిపించింది. తర్వాత ఫోను పెట్టేసి, కండ్లు తుడుచుకొని, ఆయనతో అన్నా:

"మీ అన్న కాళ్లు పట్టుకుంటావో గడ్డం పట్టుకుంటావో, పిలుచుకొని రా. లగ్గం పెట్టించాల."

ఆయన చెప్పుల్లేకుండానే పోయినాడు.